రోగిశయ్యకడ దైవచింత

జిల్లాకేంద్రములందలి పెద్ద ఆసుపత్రులలో ఏ వార్డునకు పోయి చూచినను రోగి తలగడక్రింద మందులచీటితోపాటు మఱియొక వస్తువు కానవచ్చును. ఒకనికి విభూతిపొట్లము, ఒకనికి తాయెత్తు, ఒకనికి చిన్న బైబిలు, ఒకనికి తిరుపతి వేంకటేశ్వరుని పటము. సెలైను గొట్టము తగిలించిన చేతికే పసుపుతోరమును కట్టబడియుండును. శస్త్రచికిత్సకు తీసికొనిపోవునపుడు ఆ తోరమును విప్పవలెనని నర్సు చెప్పును. రోగి దానిని ఇల్లాలిచేతిలో నుంచి కన్నులు మూసికొనును. అప్పు డతని మనస్సులో జరుగుదానిని వైద్యుని కాగితములలో ఎవ్వరును వ్రాయరు. ఆసుపత్రి లెక్కలో దానికి పద్దు లేదు.

దీనిని గూర్చి మన దేశమున రెండు పక్షములవా రున్నారు. ఒక పక్షమువారు దీనిని మూఢనమ్మకమని నవ్వి త్రోసివేయుదురు. వ్యాధి దేహమునకు సంబంధించినది, దేహము వైద్యునిది, తక్కినదంతయు కాలహరణమని వారి వాదము. రెండవ పక్షమువారు ప్రార్థనయే పరమౌషధమనియు, మంత్రముచేతను మొక్కుచేతను మానని రోగము లేదనియు చాటుదురు. ఈ రెండు పక్షములును రోగి నడుగక రోగినిగూర్చి తీర్పు చెప్పుచున్నవి. రోగిశయ్యకడ దైవచింతకు స్థానమున్నదా? ఉన్నచో అది యెట్టిది? దానికి హద్దు లేవి? ఈ ప్రశ్నలను మా పాఠకుల విచారణకు నేడు తెచ్చుచున్నాము. వ్యాధి యే యింటిని విడిచిపెట్టునది కాదు గావున ఇది పండితుల గోష్ఠికి మాత్రమే చెందిన విషయము కాదు.

ముందుగా మన ప్రాచీనుల మతమేమో చూతము. చరకసంహిత సూత్రస్థానము పదునొకండవ యధ్యాయమున చికిత్స మూడువిధములని చెప్పబడినది. మంత్రము, హోమము, ఉపవాసము, నియమము మొదలగువానితో గూడినది దైవవ్యపాశ్రయము. ఆహారౌషధముల యోజనతో గూడినది యుక్తివ్యపాశ్రయము. అహితమైన విషయములనుండి మనస్సును మరల్చి నిలువరించుట సత్త్వావజయము. ఈ మూడింటిని ఆచార్యుడు ప్రక్కప్రక్కన నిలిపెను గాని, ఒకటి చేసినచో రెండవది మానవచ్చునని చెప్పలేదు. మంత్రము చదివితిమి గావున మందు వలదనువానికి ఆ గ్రంథమున ఆధారము దొరకదు. మందిచ్చితిమి గావున రోగిమనస్సుతో మాకు పనిలేదనువానికిని దొరకదు.

అంతకంటె ముఖ్యమైన మాట తొమ్మిదవ యధ్యాయమున నున్నది. చికిత్సకు వైద్యుడు, ద్రవ్యము, పరిచారకుడు, రోగి యని నాలుగు పాదములు. ఒక్కొక్క పాదమునకు నాలుగేసి గుణములు. రోగికి జ్ఞాపకశక్తి యుండవలెను, చెప్పినట్లు నడచుకొనవలెను, తన బాధను దాచక చెప్పగలుగవలెను, నిర్భయుడై యుండవలెను. నిర్భయత్వమును చికిత్సాంగములలో నొకటిగా లెక్కించిన ఆ మహావైద్యుని సూక్ష్మదృష్టి మెచ్చదగినది. భయపడినవాడు బాధను దాచును, మందును అనుమానించును, నిద్రపోడు, భోజనము చేయడు. రోగిశయ్యకడ దైవచింతకు గల స్థానమును ఈ యొక్క గుణమే నిర్ణయింపగలదని మా యభిప్రాయము. రోగిభయమును తగ్గించు ప్రతి యాచారమునకును అచ్చట చోటుండవలెను. పెంచు ప్రతి యాచారమును, ఏ మతము పేర వచ్చినను, గుమ్మముకడనే నిలిపివేయవలెను.

ఇది గ్రంథములకే పరిమితమైన ఆదర్శము కాదు. ఆతురాలయమున నుండవలసిన సామగ్రిని చెప్పుచు చరకుడు పాటలును కథలును ఇతిహాసపురాణములును చెప్పగలవారిని సైతము పరిచారకులతో చేర్చినాడు. పదునొకండవ శతాబ్దమున వీరరాజేంద్రచోళుని కాలమున, కాంచీపురమున కనతిదూరములోనున్న తిరుముక్కూడల్ దేవాలయమున 15 పడకల ఆతురశాల నడచినట్లు అచ్చటి శాసనము చెప్పుచున్నది. మన తెలుగునాట 1261లో కాకతి రుద్రమదేవి పాలనమున వెలసిన మల్కాపుర శాసనమున విశ్వేశ్వరశివాచార్యులు తమ మఠమునకు చేరిన గ్రామముల ఆదాయమునుండి ఆరోగ్యశాలకును ప్రసూతిశాలకును ఏర్పాటు చేసిన సంగతి సుప్రసిద్ధము. ఆ గ్రామములలో మందడ మొకటి. దేవుని సొమ్ము రోగికి చెందుట మనకు క్రొత్త కాదు. గర్భగుడికిని ఆరోగ్యశాలకును నడుమ గోడ యుండవలెనని మన పూర్వులు తలపలేదు.

ఇక ప్రార్థన నిజముగా ఔషధమువలె పనిచేయునా యను ప్రశ్నకు వత్తము. ఈ విషయమున పాశ్చాత్యులు చేసిన పరిశోధన కొంత గలదు. 1872లో ఫ్రాన్సిస్ గాల్టన్ అను ఇంగ్లీషు పండితుడు లెక్కలతో నొక వ్యాసము వ్రాసెను. రాజుల దీర్ఘాయువునకై దేశమంతయు ప్రార్థించుచున్నను, సంపన్నవర్గములవారిలో రాజులే తక్కువకాలము జీవించినట్లు తన లెక్కలలో తేలెనని అత డందు చూపెను. 1988లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున ఒక ఆసుపత్రిలోని 393 మంది హృద్రోగులపై జరిపిన పరీక్షాఫలితములు ప్రకటింపబడినవి. తమకు తెలియని భక్తుల ప్రార్థనను పొందినవారికి కొంత మేలు కలిగినట్లు అందు కనబడుటచే భక్తులు మిక్కిలి సంతోషించిరి.

అయితే 2006లో ప్రకటితమైన పెద్ద పరీక్ష ఆ సంతోషమును నిలువనీయలేదు. డాక్టరు హెర్బర్ట్ బెన్సన్ ప్రభృతులు అమెరికాలోని ఆరు ఆసుపత్రులలో గుండెకు బైపాసు శస్త్రచికిత్స పొందిన 1802 మందిని మూడు భాగములు చేసిరి. మీకై ప్రార్థన జరుగవచ్చును, జరుగకపోవచ్చును అని మొదటి రెండు భాగములవారికి చెప్పి, ఒక భాగమువారికై ప్రార్థన చేయించిరి, రెండవవారికై చేయింపలేదు. మూడవ భాగమువారికి నిశ్చయముగా మీకై ప్రార్థన జరుగునని చెప్పి చేయించిరి. ప్రార్థన పొందిన మొదటివారిలో నూటికి 52 మందికిని, పొందనివారిలో 51 మందికిని శస్త్రచికిత్సానంతరము ఏదో యొక ఉపద్రవము కలిగెను. నిశ్చయముగా ప్రార్థన జరుగునని యెఱిగినవారిలో ఆ సంఖ్య 59! నాకై ఇందఱు ప్రార్థింపవలసి వచ్చెననిన నా రోగ మంత కఠినమైనదా యను దిగులు వారికి పుట్టియుండునేమో యని కొందఱు ఊహించిరి. అది ఊహయే. కాని రోగిమనస్సు నెఱిగినవారెవ్వరును ఆ ఊహను చూచి నవ్వజాలరు.

ఈ ఫలితమును చూపి నాస్తికులు గెలిచితిమనుటయు, భక్తులు కలతచెందుటయు రెండును అనావశ్యకములు. దేవుని త్రాసులో పెట్టి తూచవచ్చునని మన పెద్ద లెన్నడును చెప్పలేదు. ఇన్ని గుళికలకు ఇంత గుణమను లెక్క ప్రార్థనకు పట్టదని మాత్రమే ఈ పరీక్షలవలన తేలినది. కావున ప్రార్థన మందు కాదు. మందునకు బదులును కాదు. ఈ మాటను భక్తులే ముందుగా చెప్పుట వారి భక్తికి గౌరవము.

పరులు చేయు ప్రార్థన వేఱు. రోగి హృదయమున నుండు విశ్వాసము వేఱు. ఈ రెండవదానిని గూర్చిన పరిశోధన మిక్కిలి ఆలోచింపదగినది. 1998లో హెరాల్డ్ కోనిగ్ అను వైద్యుడును అతని సహచరులును, దేహవ్యాధితో ఆసుపత్రిలో జేరి మనోవ్యాకులతకు లోనైన 87 మంది వృద్ధులను పరిశీలించి, అంతరంగమున దృఢవిశ్వాసము గలవారు ఆ వ్యాకులతనుండి త్వరగా తేరుకొనిరని వ్రాసిరి. చర్చికి పోయిన పర్యాయముల సంఖ్యకును, తేరుకొనుటకును సంబంధము కనబడలేదు. బాహ్యాచారముకంటె అంతర్భావము ప్రధానమని మన వేదాంతులును భక్తకవులును ఎన్నిమార్లు చెప్పలేదు!

దీనికి రెండవ ప్రక్క గూడ గలదు. 2001లో కెన్నెత్ పార్గమెంట్ ప్రభృతులు, ఆసుపత్రిలో జేరిన 55 ఏండ్లు దాటిన 596 మంది రోగులను రెండేండ్లపాటు అనుసరించి ప్రకటించిన ఫలితము మన ఇండ్లలో ప్రతివారును చదువదగినది. దేవుడు నన్ను విడిచిపెట్టెనా యని కుమిలినవారికిని, దేవునికి నాపై ప్రేమ యున్నదా యని శంకించినవారికిని, ఇది పిశాచకృత్యమని నిశ్చయించుకొనినవారికిని, ఆ రెండేండ్లలో మరణించు అపాయము తక్కినవారికంటె నూటికి 19 మొదలు 28 వంతులవఱకు హెచ్చుగా నుండెను. వ్యాధితీవ్రత మొదలగు కారణములను లెక్కలోనికి తీసికొన్న పిదపను ఈ భేదము నిలిచెను. ఒక్క పరీక్షతో అన్నియు తేలవు, నిజమే. కాని ధైర్యము నిచ్చు విశ్వాసమే వెనుకకు తిరిగినచో రోగి నెంత గాయపఱుపగలదో ఇది చూపుచున్నది.

ఇచ్చట మన ఇండ్లలోని యొక యలవాటును గూర్చి నిష్ఠురముగా చెప్పక తప్పదు. రోగిని చూడవచ్చిన బంధువులు మంచముప్రక్కన కూర్చుండి పలుకు మొదటిమాట యేమి? ఏ జన్మమున చేసిన పాపమో, ఈ జన్మమున అనుభవించుచున్నాడని. బిడ్డకు కాన్సరు వచ్చిన తల్లికి ఆమె వినుచుండగనే ఈ మాట చెప్పుదురు. పక్షవాతముతో మాట పడిపోయిన వృద్ధుడు బదులు చెప్పలేక కన్నీరు కార్చుచుండగా చెప్పుదురు. చెప్పువారికి ద్వేషము లేదు. అది వారికి వేదాంతము. కాని వినువానికి అది శిక్షాపత్రము. కర్మసిద్ధాంతము తన నడవడిని దిద్దుకొనుటకు ప్రతివాడును తనకు తాను చెప్పుకొనవలసినది. దానిని ఎదుటివాని మంచముకడ తీర్పుగా చదువుట కెవ్వనికిని అధికారము లేదు. చరకుడు రోగికి కోరిన నిర్భయత్వమును ఈ పరామర్శకులు ప్రతిదినమును దోచుకొనుచున్నారు. నవ్వి త్రోసివేయు వైద్యుడు చేయు కీడుకంటె, పాపఫలమని నిట్టూర్చు మేనమామ చేయు కీడు తక్కువ కాదు.

భయమును పెట్టుబడిగా చేసికొని వర్తకము చేయువారిని గూర్చి చెప్పనే యక్కరలేదు. 2001 ఆగష్టు 6వ తేదిన తమిళనాడులోని ఏర్వాడి దర్గాసమీపమున, చిత్తచాంచల్యము గలవారి నుంచు ఒక ప్రయివేటు గృహమున నిప్పంటుకొన్నప్పుడు, గొలుసులతో కట్టబడియున్న 28 మంది పరుగెత్తి తప్పించుకొనలేక చనిపోయిరి. దైవానుగ్రహముచే నయమగునను ఆశతో బంధువులు వారి నచ్చట విడిచియుండిరి. ఆ గొలుసులు వేసినది భక్తి కాదు. నిర్లక్ష్యమును లోభమును భక్తివేషము ధరించి వేసినవి. 2017నాటి మానసికారోగ్య శాసనము చిత్తరోగులను గొలుసులతో కట్టుట నెట్టి పరిస్థితిలోను కూడదని నిషేధించినది. మంత్రకవచములతోను తాయెత్తులతోను రోగములు కుదుర్తుమను ప్రకటనలను నిషేధించు శాసనము 1954 నుండియు నున్నది. చట్టముల కొఱత లేదు. వానిని నడపు పట్టుదలకు కొఱత. అట్లని దర్గాలను గుడులను తిట్టి ప్రయోజనము లేదు. గుజరాతులో మీరా దాతార్ దర్గాకడ ముజావరులును మనోవైద్యులును కలసి దవాయు దువాయు జతగా నడపు ఏర్పాటు చేసికొనిరి. ప్రజల నమ్మకమును తిట్టక, దానిచేతనే వారిని వైద్యునికడకు చేర్చిన ఈ పద్ధతి అనుకరణీయము.

మతప్రచారమును గూర్చి సైతము ఒకమాట. మన జిల్లాలలో క్రైస్తవ మిషనులవారు చేసిన వైద్యసేవ సామాన్యమైనది కాదు. 1883లో వచ్చిన డాక్టరు ఆనా కుగ్లర్ 1898లో గుంటూరున ఆసుపత్రిని తెఱచి, పరపురుషుడైన వైద్యునికి కనబడని స్త్రీల కెందఱికో ప్రాణదానము చేసినది. 1915 నుండి మదనపల్లెకడ ఆరోగ్యవరము క్షయరోగుల కాశ్రయమైనది. ఇంటివారే దూరముగా నుంచిన క్షయరోగిని చేరదీసిన చేతులకు కృతజ్ఞత చూపనివాడు మనుష్యుడు కాడు. అయినను సేవచేయు చేతియందు ఏ మతగ్రంథమున్నను, లేచిపోలేని రోగికి అడుగని బోధ చేయుట ధర్మము కాదని మేము తలంతుము. ఇది క్రైస్తవునకు వర్తించినట్లే హిందువునకును మహమ్మదీయునకును వర్తించును. అడిగినపుడు చదువుట సేవ. అడుగకున్నను చదువుట ఆక్రమణ.

భక్తికిని శస్త్రమునకును వైరము లేదని తెలియుటకు గాంధీమహాత్ముని చరిత్రమే చాలును. 1909లో హింద్ స్వరాజ్యమున వైద్యులను ఆసుపత్రులను తీవ్రముగా ఖండించినవా డాయనయే. 1924 జనవరి 12వ తేది రాత్రి, ఎఱవాడ చెఱసాలనుండి పూనాలోని సాసూన్ ఆసుపత్రికి తేబడి, కర్నల్ మాడక్ అను ఇంగ్లీషు వైద్యునిచే అపెండిసైటిస్ శస్త్రచికిత్స చేయించుకొనినవాడును ఆయనయే. తరువాత 1946లో ఉరుళికాంచనమున ప్రకృతిచికిత్సతో రామనామమును జోడించినవాడును ఆయనయే. ఆ కత్తి ఆయన భక్తికి అడ్డు రాలేదు. ఆ భక్తి కత్తికి అడ్డు రాలేదు.

ఇతరదేశములు ఈ విషయమున కొంత ముందుకు పోయినవి. ఇంగ్లండునందు 1948లో జాతీయారోగ్యవ్యవస్థ ఏర్పడిననాటి నుండియు ఆసుపత్రులలో రోగుల ఆధ్యాత్మికావసరములను చూచుటకు ఉద్యోగులు గలరు. డేమ్ సిసిలీ సాండర్స్ 1967లో లండనున సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిసును స్థాపించి, మరణాసన్నుని బాధ దేహమునకును మనస్సునకును కుటుంబమునకును ఆత్మకును కలిపి చెందినదని బోధించినది. ఆమె యందుచే మార్ఫియాను మానలేదు. వేళకు సరిగా ఇచ్చుట నేర్పినది. నొప్పి తగ్గనిదే రోగికి దేవుని తలచుకొనుటకు తీరిక యుండదని ఆమె యెఱుగును. మన దేశమున 1993లో కోళిక్కోడున ప్రారంభమైన ఉపశమనవైద్యోద్యమము ఇంటింటికి ప్రాకి, 2008లో కేరళప్రభుత్వముచే విధానముగా నంగీకరింపబడినది. ఇరుగుపొరుగువారే శిక్షణ పొంది రోగికడ కూర్చుండి వినుట అందలి ప్రాణము.

మన రెండు తెలుగు రాష్ట్రములలో నేమి చేయవచ్చును? దీనికి కోట్లు వ్యయము చేయ నక్కరలేదు. మొదటిది, రోగి చేరినపుడు వయస్సును రక్తవర్గమును అడుగునట్లే, నీకు ధైర్యమిచ్చు ఆచారమేది, ఎవరిని పిలిపింపవలెను, ఏమి వలదు అని యొక్క ప్రశ్న యడుగవలెను. ఏమియు వలదను నాస్తికుని మాటకును సమానగౌరవ ముండవలెను. రెండవది, ప్రతి పెద్ద ఆసుపత్రిలోను ఏ మతచిహ్నమును లేని నిశ్శబ్దమైన గది యొకటి యుండవలెను. ధ్వనివర్ధకములతో వార్డులలో భజనలు, బోధలు, ప్రార్థనలు ఏ మతముపేరనైనను కూడదు. ప్రక్కపడకవాని నిద్ర సైతము పవిత్రమే. మూడవది, నర్సులకు వైద్యవిద్యార్థులకు రోగి చెప్పునది వినుట నేర్పవలెను. ఉపవాసముండు రోగికి మందువేళలను మార్చవచ్చునో లేదో వైద్యుడే విప్పి చెప్పవలెను. చెప్పనిచో రోగి దాచి యుపవసించును. నాల్గవది, అంత్యకాలమున ఒక్కని ఆప్తునైనను ప్రక్కన నుండనీయవలెను. 2020, 2021 సంవత్సరములలో కరోనావ్యాధిచే గాజుతలుపుల వెనుక ఒంటరిగా తులసితీర్థమైనను లేక పోయినవారిని, వారి బిడ్డలు నేటికిని తలచుకొని దుఃఖించుచున్నారు. ఆనాటి నిర్బంధములకు కారణ ముండెను. కారణము లేని దినములలో సైతము మన అత్యవసరచికిత్సా వార్డులు అట్లే మూసికొనియుండుట కేమి సమాధానము?

ప్రభుత్వము చేయవలసినది ఇది. ధనవంతులైన మా పాఠకులు చేయవలసినదియు గలదు. పంట బాగుగ పండిననాడు గుడికి వెండితలుపులు, దేవునికి కిరీటము చేయించు ఉదారులు మనలో నెందఱో కలరు. వారి భక్తికి నమస్కారము. తిరుమల దేవస్థానపు సొమ్ముతో తిరుపతిలో వెలసిన వైద్యసంస్థయు, 1991లో పుట్టపర్తిలో ఉచితచికిత్సకై తెఱవబడిన ఆసుపత్రియు, ఆ భక్తి యే త్రోవన పోవచ్చునో చూపుచున్నవి. అంతటివి కట్టలేనివారు సైతము, జిల్లా ఆసుపత్రిముందు వానలో ఎండలో నేలపై పడియుండు రోగుల బంధువులకై యొక వసతిగృహమును కట్టింపవచ్చును. నాలుగు ఊళ్లకు కలిపి ఒక ఉపశమనవైద్యుని, ఒక నర్సును పోషింపవచ్చును. విశ్వేశ్వరశివాచార్యుల దానమునకు వారసులమని చెప్పుకొను హక్కు అట్టివారికే గలదు.

ధనము లేనివారు చేయదగినది అంతకంటె సులభము. రేపు మీ బంధువును చూచుటకు ఆసుపత్రికి పోవునపుడు, అతని జన్మాంతరపాపములను గుడిమెట్లకడనే విడిచిపొండు. మంచముప్రక్కన కూర్చుండి, ఏమి కావలయునని యడుగుడు. సుందరకాండ చదువుమనినచో చదువుడు. ఖురాను వినెదననినచో చదువగలవారిని పిలువుడు. ఊరక కూర్చుండుమనినచో ఊరక కూర్చుండుడు. వైద్యుడు చెప్పిన మందును వేళకు మీ చేతితోనే యిండు. మీరు లేచివచ్చునప్పటికి అతని భయము కొంతయైన తగ్గియున్నచో, మీ దైవచింత అతనికి చేరినట్లే.